పేరు కుదిరింది, లెక్క కుదరలేదు

మూలకాల కథ – 11వ భాగం

గత భాగం 1794 మే 8న పారిస్ గిలటిన్ దగ్గర ఆగింది. లెవోయిజర్ తల తెగింది గానీ, 1787లో ఆయనా ముగ్గురు మిత్రులూ కలిసి అచ్చువేసిన కొత్త పేర్ల పద్ధతి బతికింది. ‘విట్రియాల్ నూనె’ అన్న పాత పేరు పోయి సల్ఫ్యూరిక్ ఆమ్లం వచ్చింది. పేరు వినగానే పదార్థంలో ఏముందో కొంతైనా తెలిసే రోజులు మొదలయ్యాయి.

ఆ పేర్లను పొట్టిగా ఎలా రాయాలన్నది మిగిలిన మొదటి ప్రశ్న. ఏ పదార్థంలో ఏది ఎంత ఉందో రాశాక, అలా రాసింది నిజమేనని ఎలా తేల్చాలన్నది రెండోది. మొదటి ప్రశ్నకు ఒక మనిషి, ఒక పత్రిక సరిపోయాయి. రెండోదాని మీద యూరప్ అంతా యాభై ఏళ్లు కొట్టుకుంది. బడి పుస్తకంలో పక్కపక్క పేజీల్లో కనిపించే ‘సంకేతం’, ‘ఫార్ములా’ అనే రెండు మాటల వెనక ఉన్న కథ ఇదే.

మాంచెస్టర్ గుండ్రాలు

1835 అక్టోబర్ 19. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ మెకానిక్స్ ఇన్‌స్టిట్యూషన్. పనివాళ్లకు సైన్స్ చెప్పడానికి పెట్టిన సంస్థ అది. ఆ రోజు ఉపన్యాసం అరవై తొమ్మిదేళ్ల జాన్ డాల్టన్‌ది. నేతగాడి కొడుకు. పన్నెండో ఏటే బడి నడిపినవాడు. పేరు దేశాలు దాటాక కూడా పిల్లలకు పాఠాలు చెప్పుకునే బతికినవాడు. ఆ ఉపన్యాసం కోసం అచ్చువేసిన కాగితం ఇప్పటికీ ఉంది. చూస్తే ముగ్గుల పుస్తకంలో పేజీలా ఉంటుంది.

ఖాళీ గుండ్రం ఆక్సిజన్. మధ్యలో చుక్క ఉంటే హైడ్రోజన్. నిలువు గీత ఉంటే నత్రజని. నిండా నల్లగా పూస్తే కార్బన్. లోపల కూడిక గుర్తు ఉంటే గంధకం. లోహాల దగ్గరికి వచ్చేసరికి గీతలకు ఓపిక చాలక, గుండ్రంలోనే ఇంగ్లిష్ పేరు మొదటి అక్షరం పెట్టాడు.

బొమ్మలతో పదార్థాలను గుర్తించడం డాల్టన్‌తో మొదలు కాలేదు. రసవాదులు బంగారానికి సూర్యుణ్ణీ, వెండికి చంద్రుణ్ణీ, ఇనుముకు కుజుణ్ణీ, రాగికి శుక్రుణ్ణీ గుర్తులుగా వాడారు. అయితే వాళ్ల సూర్యుడికి తూకం లేదు. గురివింద గింజంత బంగారానికీ అదే గుర్తు, రాజు కిరీటానికీ అదే గుర్తు. డాల్టన్ గుండ్రం అలా కాదు. ఒక గుండ్రం అంటే ఒకే ఒక్క పరమాణువు. దానికో బరువుంది. హైడ్రోజన్ బరువును 1 అనుకుంటే మిగతావి ఎంతో పట్టిక వేసి, 1808లో వచ్చిన తన గ్రంథంలో పెట్టాడు. ఆ గ్రంథంలోని ఒక పటంలో 37 బొమ్మలున్నాయి. మొదటి 20 ఒంటి గుండ్రాలు. మిగతా 17 ఒకదాన్నొకటి అంటుకున్న గుండ్రాలు.

మన కథంతా ఆ ఇరవయ్యో బొమ్మకూ ఇరవై ఒకటో బొమ్మకూ మధ్య ఉంది. ఇరవయ్యో బొమ్మ దాకా డాల్టన్ చెబుతున్నది ‘దీన్ని నేను ఇలా గీస్తాను’ అని. అందులో వాదించడానికేమీ లేదు, ఆయన ఇష్టం. ఇరవై ఒకటో బొమ్మ నీరు. చుక్క గుండ్రం ఒకటి, ఖాళీ గుండ్రం ఒకటి, పక్కపక్కన. ఇక్కడ ఆయన చెబుతున్నది ‘నీరు ఇలా ఉంటుంది’ అని. అది వాదన. తప్పయ్యే వీలున్న మాట.

తప్పే అయింది.

స్టాక్‌హోంలో వంటింటి పక్క గది

మాంచెస్టర్ ఉపన్యాసం నాటికే ఆ గుండ్రాలకు కాలం చెల్లింది. అంతకు ఇరవై ఏళ్లకు పైగా ముందే స్వీడన్‌లో యోన్స్ యాకబ్ బెర్జీలియస్ ఇంకో దారి వేశాడు. 1779లో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోతే బంధువుల ఇళ్లలో పెరిగాడు. వైద్యం చదివి రసాయనంలోకి వచ్చాడు. స్టాక్‌హోంలో ఆయన ప్రయోగశాలకు ఆర్భాటమేమీ లేదు. రెండు మామూలు గదులు, పక్కనే వంటిల్లు. ఆన్నా అనే పనిమనిషి వంట చేసే ఆ వంటింట్లోనే ఎప్పుడూ వేడిగా ఉండే ఇసుక తొట్టి. అక్కడ కూర్చుని పదేళ్లలో సుమారు 2,000 పదార్థాలను విడగొట్టి తూచాడు. 1818 నాటికి, అప్పటికి తెలిసిన 49 మూలకాల్లో 45 మూలకాల పరమాణు భారాలను పట్టిక వేశాడు.

అంత తూచే మనిషికి రాతపని ఎంతుంటుందో ఊహించండి. గుండ్రాలు గీస్తూ కూర్చుంటే తెల్లారదు. పైగా గుండ్రాలు అచ్చు వెయ్యాలంటే ప్రెస్సువాడు ప్రతి బొమ్మకూ విడిగా అచ్చు చేయించుకోవాలి. అక్షరాలైతే ఏ ప్రెస్సులోనైనా సిద్ధంగా ఉంటాయి. బెర్జీలియస్ చెప్పుకున్న కారణాలు కూడా ఇలా పనికొచ్చేవే: గుర్తు రాయడానికి తేలిగ్గా ఉండాలి, అచ్చయిన పుస్తకం అందం చెడగొట్టకూడదు. 1813, 1814 సంవత్సరాల్లో లండన్‌లో థామస్ థామ్సన్ నడిపే పత్రికలో తన పద్ధతిని బయటపెట్టాడు.

నియమం చిన్నది. మూలకం లాటిన్ పేరులో మొదటి అక్షరం తీసుకోవాలి. రెండింటికి ఒకే అక్షరం వస్తే, లోహం కాని దానికి ఒంటి అక్షరం వదిలి, లోహానికి రెండో అక్షరం జోడించాలి. కార్బన్‌కు సీ, కోబాల్ట్‌కు సీ పక్కన ఓ, కుప్రం అనే రాగికి సీ పక్కన యూ.

లాటిన్ ఎందుకు? అప్పుడు యూరప్ నెపోలియన్ యుద్ధాల్లో తగలబడుతోంది. ఇంగ్లిష్ పేరు పెడితే ఫ్రెంచివాడు ఒప్పుకోడు, ఫ్రెంచి పేరు పెడితే ఇంగ్లిష్‌వాడు ఒప్పుకోడు. లాటిన్ ఎవరి ఇంటి భాషా కాదు కనుక అందరిదీ అయింది. సోడియంకు ఎన్‌ఏ ఎందుకో, పొటాషియంకు కె ఎందుకో తెలియక మన పిల్లలు ఈనాటికీ బట్టీ పడుతున్నారంటే దాని మూలం అక్కడుంది. ఆ రెంటినీ 1807లో లండన్‌లో విడగొట్టిన హంఫ్రీ డేవీ సోడియం, పొటాషియం అన్నాడు. జర్మన్ పండితుల పలుకుబడిలో అవి నేట్రియం, కేలియం. పేరు డేవీది నిలిచింది, అక్షరం బెర్జీలియస్‌ది నిలిచింది. సీసానికి పీబీ రావడం ప్లంబం నుంచి. సీసపు గొట్టాలు బిగించేవాడే మన ఇళ్లకు వచ్చే ప్లంబర్.

బెర్జీలియస్ ఒక మాట స్పష్టంగా చెప్పాడు. ఈ అక్షరాలు సీసాల మీద చీటీలు అతికించుకోవడానికి కాదు, నిష్పత్తులు చెప్పడానికి. అంటే ఓ అని రాస్తే ‘ఆక్సిజన్’ అని పొట్టిగా రాసినట్టు మాత్రమే కాదు, ఒక పరమాణువు ఎత్తు ఆక్సిజన్ అని. ఆయన అక్షరం పేరూ అవుతుంది, తూకపురాయీ అవుతుంది.

డాల్టన్‌కు ఇది మింగుడు పడలేదు. ఆ అక్షరాలు నేర్చుకోవడమూ హీబ్రూ నేర్చుకోవడమూ ఒకటేనని 1837లో ఒక ఉత్తరంలో విసుక్కున్నాడు. ఆయన కోపంలో కొంత న్యాయముంది. గుండ్రాల బొమ్మలో ఏ పరమాణువు పక్కన ఏదుందో కంటికి కనిపిస్తుంది. అక్షరాల్లో లెక్క తప్ప అమరిక కనిపించదు. కానీ లోకం లెక్కనే ఎంచుకుంది. మెకానిక్స్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆ ముగ్గుల కాగితం కనిపించిన 1835లోనే బ్రిటిష్ అసోసియేషన్ వేసిన కమిటీ అక్షరాల వైపు మొగ్గింది.

పెద్ద సీ, చిన్న ఓ

తెలుగు పాఠకుడికి ఇక్కడ ఒక చిక్కుంది. మన లిపిలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అనే తేడా లేదు. బెర్జీలియస్ పద్ధతి ప్రాణమంతా ఆ తేడాలోనే ఉంది. పెద్ద సీ పక్కన చిన్న ఓ రాస్తే కోబాల్ట్. గాజుకు నీలం రంగునిచ్చే లోహం, ఒక మూలకం. అది సంకేతం. రెండూ పెద్దక్షరాలు రాస్తే ఒక కార్బన్, ఒక ఆక్సిజన్ చెయ్యిపట్టుకున్న కార్బన్ మోనాక్సైడ్. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లను నిద్రలోనే చంపేసే వాయువు. అది ఫార్ములా. పలికితే రెండూ సీఓయే. ‘పెద్దక్షరం కొత్త మూలకానికి మొదలు’ అన్న ఒక్క నియమం ఈ రెంటినీ విడదీస్తోంది.

అంకెల సంగతి మాత్రం మనకు పరాయిది కాదు. బెర్జీలియస్ మొదట అంకెను అక్షరం నెత్తిన, తలకట్టు ఉండే చోట పెట్టాడు. తర్వాత ఇంకా పొట్టి చెయ్యబోయి ఆక్సిజన్‌కు అక్షరం మీద చుక్కలు, జంట పరమాణువులకు అడ్డగీత పెట్టాడు. చూసేవాళ్లకు తికమక పెరిగింది. 1834లో జర్మన్ శాస్త్రజ్ఞుడు లీబిగ్ అంకెను కిందికి దించాడు. అప్పటినుంచి అది మన ఒత్తులాగా అక్షరం కాళ్ల దగ్గర ఉంటోంది. అమ్మ అన్న మాటలో మ కింద మ ఒత్తు పెట్టి రెండు మ-లున్నాయని చెబుతాం కదా, ఓ₂ అంటే అంతే.

సంకేతానికి ఇంకో గుణముంది. అందులో అబద్ధానికి చోటు లేదు. పేరులో ఉంటుంది. లెవోయిజర్ ఆక్సిజన్ అన్న పేరు పెట్టింది గ్రీకు మాటలతో. ఆమ్లాన్ని పుట్టించేది అని దాని అర్థం. ఆమ్లాలన్నింటిలో అది ఉండి తీరుతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకం తప్పని డేవీ 1810లో చూపించాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉన్నవి హైడ్రోజన్, క్లోరిన్ మాత్రమే. ఆక్సిజన్ జాడే లేదు. అంతవరకూ క్లోరిన్‌ను ఆక్సిజన్ కలిసిన ఆమ్లమనుకునేవారు. బెర్జీలియస్ కూడా చాలాకాలం ఒప్పుకోలేదు. ఒకరోజు ఆన్నా గిన్నె కడుగుతూ, దీనికి ఆ పాత ఆమ్లం వాసన కొడుతోందని పాత పేరుతో అంటే, ఇకమీదట అలా అనకు, క్లోరిన్ అను, అదే సరైనదని ఆయన దిద్దాడట. 1823లో శిష్యరికానికి వచ్చిన వోలర్ చెప్పిన ముచ్చట ఇది. పెద్దాయన మనసు మారిందని శిష్యుడికి అలా తెలిసింది.

గ్రీకు పేరును తెలుగు చేసినవాళ్లు దాన్ని మాటకు మాట దించి ఆమ్లజని అన్నారు. పేరుతోపాటు పొరపాటూ మన భాషలోకి దిగింది. మన తాతలు ఉదజని, ఆమ్లజని, నత్రజని అని చదువుకున్నారు. మనం హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్ అంటున్నాం. ఏ పేరుతో పిలిచినా ‘ఓ’ అన్న అక్షరం మాత్రం ఏ ఆమ్లం గురించీ హామీ ఇవ్వదు. పేరు మోసుకొచ్చిన పొరపాటును సంకేతం బయటే వదిలేసింది.

హామీ ఏదీ లేదు కనుకనే సంకేతాన్ని మార్చడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఆర్గాన్‌కు చాలాకాలం ‘ఏ’ అన్న ఒక్క అక్షరమే ఉండేది. 1957లో అంతర్జాతీయ రసాయన సంఘం తీర్మానం చేసి పక్కన ఆర్ చేర్చింది. ఆ రోజు ఆర్గాన్‌కు ఏమీ కాలేదు. బల్లచుట్టూ కూర్చున్నవాళ్లు ఒప్పుకుంటే సంకేతం మారుతుంది. ఫార్ములా ఎవరి ఒప్పుదల కోసమూ ఆగదు. దానికి సాక్ష్యం కావాలి. నీటి విషయంలో ఆ సాక్ష్యం ఎంత ఆలస్యంగా వచ్చిందో ఇప్పుడు చూద్దాం.

దండలో పూలెన్ని?

9 గ్రాముల నీటిని విడగొడితే 1 గ్రాము హైడ్రోజన్, 8 గ్రాముల ఆక్సిజన్ వస్తాయి. డాల్టన్ కొలతలు అంత నికరమైనవి కావు. 1808లో ఆయన పట్టికలో ఆక్సిజన్ బరువు 7, నీటి బరువు 8. ఆ తేడా తూకంలోని తేడా. త్రాసు బాగుపడితే అదీ బాగుపడుతుంది. ఎంత మంచి త్రాసు తెచ్చినా తేలని ప్రశ్న వేరే ఉంది.

మల్లెలు, చేమంతులు కలిపి కట్టిన దండ ఒకటి ఉందనుకోండి. చీకట్లో తూచాం. దండలో మల్లెల బరువు ఒక వంతు, చేమంతుల బరువు ఎనిమిది వంతులు. మల్లెలెన్ని, చేమంతులెన్ని? ఒక మల్లెకు ఒక చేమంతి చొప్పున కట్టి ఉంటే చేమంతి మల్లెకు ఎనిమిది రెట్లు బరువు. రెండు మల్లెలకు ఒక చేమంతి అయితే పదహారు రెట్లు. పువ్వు బరువు తెలిస్తే లెక్క తెలుస్తుంది, లెక్క తెలిస్తే పువ్వు బరువు తెలుస్తుంది. రెండూ తెలియనప్పుడు ఏదో ఒకటి ఊహించాలి.

డాల్టన్ ఊహించాడు. రెండు మూలకాల మధ్య ఒకే ఒక్క సమ్మేళనం తెలిసి ఉంటే, అందులో ఒకటికి ఒకటి ఉన్నట్టే లెక్కవేయాలన్నాడు. అన్నిటికంటే సులువైనది అదే కనుక. అప్పటికి హైడ్రోజన్, ఆక్సిజన్ కలిస్తే వచ్చేది నీరొక్కటే అని తెలుసు. కనుక నీరు హెచ్ఓ. ప్రకృతి సులువు దారినే నడుస్తుందన్న నమ్మకం తప్ప దానికి ఆధారం లేదు.

ఆధారం ఇంకో వైపు నుంచి వచ్చింది. 1800లో లండన్‌లో నికల్సన్, కార్లైల్ నీటిలోకి విద్యుత్తు పంపితే రెండు తీగల దగ్గర రెండు వాయువులు బుడగలు కట్టాయి. తూకం సంగతి వదిలి ఘనపరిమాణం చూస్తే హైడ్రోజన్ రెండు పాళ్లు, ఆక్సిజన్ ఒక పాలు. 1805లో పారిస్‌లో గే లూసాక్, హంబోల్ట్ కలిసి ఆ రెండుకి ఒకటిని గట్టిగా రుజువు చేశారు. 1808 చివరికి గే లూసాక్ ఇంకా ముందుకెళ్లి, వాయువులు ఎప్పుడు కలిసినా పాళ్లు ఇలాంటి చిన్న పూర్ణాంకాల్లోనే ఉంటాయని ప్రకటించాడు. బెర్జీలియస్ అది నమ్మాడు. మూలక వాయువుల్లో సమాన పాళ్లలో సమాన సంఖ్యలో పరమాణువులుంటాయనుకుని, నీటిలో హైడ్రోజన్ రెండు అని రాశాడు. డాల్టన్ నమ్మలేదు. గే లూసాక్ కొలతలనే శంకించాడు.

సగం పరమాణువు

డాల్టన్ మొండితనం వెనక ఒక గట్టి ప్రశ్న ఉంది. 2 లీటర్ల హైడ్రోజన్, 1 లీటరు ఆక్సిజన్ కలిస్తే, అదే వేడి, అదే పీడనం దగ్గర 2 లీటర్ల ఆవిరి వస్తుంది. ప్రతి లీటరులోనూ ఒకే సంఖ్యలో కణాలుంటాయనుకుందాం, వంద అనుకోండి. రెండు వందల ఆవిరి కణాలు తయారయ్యాయి. ప్రతి ఆవిరి కణంలోనూ ఆక్సిజన్ ఉండాలి. కానీ మన దగ్గరున్న ఆక్సిజన్ కణాలు వందే. రెండు వందల మందికి వంద పంచాలంటే తలా సగం. విభజనకు లొంగదు కనుకనే దాన్ని పరమాణువు అన్నాం. దాన్ని సగం చెయ్యడమేమిటి?

1811లో ఇటలీలోని టురిన్ ప్రాంతంవాడు, న్యాయశాస్త్రం చదివి భౌతికశాస్త్రంలోకి వచ్చిన అవగాడ్రో, దీనికి తేలికైన సమాధానం చెప్పాడు. సగమైంది పరమాణువు కాదు, ఆక్సిజన్ వాయువులోని కణం. ఆ కణం ముందే రెండు పరమాణువుల జంట. చీలితే తలా ఒకటి వస్తుంది. లెక్క సరి.

ఈ ఒక్క అడుగుతో సంకేతానికీ ఫార్ములాకూ మధ్య గీత తేటతెల్లమవుతుంది. సమ్మేళనాలకే ఫార్ములా ఉంటుందని, మూలకానికి సంకేతం చాలునని మనం అనుకుంటాం. అవగాడ్రో మాట ప్రకారం మూలకానికి కూడా రెండూ కావాలి. ఓ అనేది ఆక్సిజన్ సంకేతం. మనం పీల్చే గాలిలోని ఆక్సిజన్ ఫార్ములా ఓ₂. అవే పరమాణువులు మూడేసి చొప్పున కడితే ఓ₃, ఓజోన్. పై ఆకాశంలో ఎండ తీవ్రతకు అడ్డం పట్టే ఆ వాయువునే నేల మీద పీలిస్తే ఊపిరితిత్తులకు హాని. సంకేతం ఒక్కటే, పదార్థాలు రెండు.

అవగాడ్రో మాట ఎవరికీ పట్టలేదు. బెర్జీలియస్‌కు అసలే పట్టలేదు. పరమాణువుల్లో కొన్ని ధన విద్యుత్తు, కొన్ని రుణ విద్యుత్తు మోస్తాయనీ, వ్యతిరేకాలు కనుకనే అంటుకుంటాయనీ ఆయన సిద్ధాంతం. రెండు ఆక్సిజన్‌లూ రుణమే అయినప్పుడు జంట ఎలా కడతాయి? అక్షరాలు ఇచ్చినవాడే ఆ అక్షరం పక్కన రెండో ఓ రాయడానికి ఒప్పుకోలేదు.

తర్వాత ఫ్రాన్స్‌లో డ్యూమా రకరకాల ఆవిర్ల సాంద్రతలు కొలిచాడు. పాదరసం, గంధకం, భాస్వరం లెక్కలు ఒకదానితో ఒకటి పొసగలేదు. కారణం ఇప్పుడు మనకు తెలుసు. పాదరసం ఆవిరిలో పరమాణువులు ఒంటరిగా తిరుగుతాయి. భాస్వరంలో నాలుగేసి. గంధకంలో వేడిని బట్టి ఆరు, ఎనిమిది. ఒక్కో మూలకం కుటుంబం ఒక్కో రకం. అది తెలియని రోజుల్లో ఈ అంకెలు చూసి రసాయనవేత్తలకు విరక్తి పుట్టింది. పరమాణువుల లెక్క మనకెందుకు, త్రాసు చెప్పే మాట చాలనుకున్నవాళ్లు చాలామంది. అలా 1840లు, 1850ల నాటి పుస్తకాల్లో నీరు మళ్లీ హెచ్ఓ అయి కూర్చుంది.

ఒక పులుపు, పందొమ్మిది ఫార్ములాలు

నీరు ఒక్కటే అయితే సర్దుకునేవారేమో. వెనిగర్‌కు పులుపునిచ్చే ఎసిటిక్ ఆమ్లాన్ని చూడండి. దాన్ని కాల్చి తూస్తే తెలిసేది నిష్పత్తి ఒక్కటే: ఒక కార్బన్‌కు రెండు హైడ్రోజన్‌లు, ఒక ఆక్సిజన్. అదే నిష్పత్తి గ్లూకోజ్‌కూ ఉంది. అదే నిష్పత్తి ఫార్మాలిన్‌లోని ఫార్మాల్డిహైడ్‌కూ ఉంది. ఊరగాయ సీసాలోకి పనికొచ్చేది ఒకటి, నీరసించిన రోగికి ఎక్కించేది ఒకటి, శవాలను చెడకుండా నిలవ ఉంచేది ఒకటి. త్రాసుకు ముగ్గురూ ఒకటే. తేడా లెక్కలో ఉంది. ఫార్మాల్డిహైడ్ సీహెచ్₂ఓ, ఎసిటిక్ ఆమ్లం సీ₂హెచ్₄ఓ₂, గ్లూకోజ్ సీ₆హెచ్₁₂ఓ₆. నిష్పత్తి తెలిసినంత మాత్రాన ఫార్ములా తెలిసినట్టు కాదు. అణువు ఎంత పెద్దదో కూడా తెలియాలి.

ఆ కొలబద్ద లేక ఎవరికి తోచినట్టు వాళ్లు రాసుకున్నారు. 1861లో వచ్చిన తన పాఠ్యగ్రంథంలో రసాయనవేత్త కెకూలే ఎసిటిక్ ఆమ్లం ఒక్కదానికే వాడుకలో ఉన్న 19 ఫార్ములాలు వరుసగా అచ్చువేసి చూపించాడు. అన్నింట్లోనూ అక్షరాలు అవే మూడు, సీ, హెచ్, ఓ. అంటే ఆనాటికి యూరప్ అంతటికీ వర్ణమాల ఒక్కటే, ఒక్క మాటను మాత్రం పందొమ్మిది రకాలుగా రాస్తున్నారు.

ఈ గోల తీర్చాలని కెకూలే, వూర్ట్జ్, వెల్ట్‌జీన్ కలిసి దేశదేశాల రసాయనవేత్తలను పిలిచారు. జర్మనీలోని కార్ల్స్‌రూహె పట్టణంలో 1860 సెప్టెంబర్ 3 నుంచి 5 వరకు సభ. సుమారు 140 మంది వచ్చారు. వచ్చిన రష్యన్ యువకుల్లో తర్వాత సంగీతకర్తగా పేరు తెచ్చుకున్న బొరోదిన్ ఉన్నాడు. మెండలీవ్ ఉన్నాడు. అవగాడ్రో లేడు, 1856లోనే పోయాడు.

ఆయన తరఫున మాట్లాడింది సిసిలీవాడు స్టానిస్లావో కానిజారో. 1848 తిరుగుబాటులో పాల్గొని దేశం విడిచి పారిపోవలసివచ్చిన మనిషి. అప్పటికి జెనోవాలో ప్రొఫెసర్. ఆయన దగ్గరున్నది చిన్న ఉపాయం. అవగాడ్రో చెప్పినట్టు సమాన పాళ్ల వాయువుల్లో సమాన సంఖ్యలో అణువులుంటాయని ఒప్పుకుందాం. హైడ్రోజన్ వాయువు అణువు బరువు 2 అనుకుందాం. ఇప్పుడు ఆక్సిజన్ ఉన్న ఆవిర్లన్నీ తెచ్చి ఒక్కో అణువులో ఆక్సిజన్ ఎంతుందో చూద్దాం. నీటి ఆవిరిలో 16. కార్బన్ మోనాక్సైడ్‌లో 16. కార్బన్ డయాక్సైడ్‌లో 32. ఆక్సిజన్ వాయువులోనే చూస్తే 32. ఎక్కడ చూసినా 16, లేదా దాని రెట్లు. 8 ఎక్కడా లేదు. చీకట్లో ఒక దండను పట్టుకుని తడుముకోవడం మాని, ఊళ్లోని దండలన్నీ తెచ్చి తూచినట్టయింది. చేమంతుల బరువు ఎప్పుడూ పదహారు రెట్లలోనే పెరుగుతోందంటే, చేమంతి బరువు పదహారే. ఒక నీటి అణువులో ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్‌లు. నీరు హెచ్₂ఓ.

సభలో తీర్మానమేదీ జరగలేదు. సైన్స్‌ను ఓట్లతో తేల్చడం కుదరదని అక్కడే కొందరన్నారు. సంకేతాలైతే ఓటుతో తేలేవి. ఇది ఫార్ములాల వ్యవహారం. సభ ముగిసే వేళ కానిజారో మిత్రుడు పావేసీ అందరికీ ఒక చిన్న పుస్తకం పంచాడు. కానిజారో రెండేళ్ల కిందట, 1858లో, తన పాఠాల సారాంశంగా రాసినది. జర్మన్ యువకుడు లోథార్ మేయర్ దాన్ని జేబులో పెట్టుకుని దారిలో ఒకసారి, ఇంటికెళ్లి మళ్లీ మళ్లీ చదివాడు. కళ్లకు కమ్మిన పొరలు తొలగినట్టయిందని తర్వాత చెప్పుకున్నాడు.

ఉప్పు మీద ఫిర్యాదు

కార్ల్స్‌రూహెతో ఫార్ములా కథ అయిపోలేదు. ఉప్పును ఎన్‌ఏ సీఎల్ అని రాస్తాం. ఒక సోడియం, ఒక క్లోరిన్. అంటే ఉప్పు గల్లులో అలాంటి జంట అణువులున్నాయని అందరూ అనుకున్నారు. 1913లో విలియం లారెన్స్ బ్రాగ్ ఎక్స్‌రేలు వేసి చూస్తే జంటలే లేవు. చదరంగం బల్ల మీద నల్లగడి, తెల్లగడిలా సోడియం, క్లోరిన్ ఒకదాని పక్కన ఒకటి నలుదిక్కులా, పైకీ కిందికీ సాగుతూ పోతున్నాయి. ఏ సోడియం ఏ క్లోరిన్‌దో చెప్పడానికి లేదు. 1927లో కూడా హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే వృద్ధ రసాయనవేత్త నేచర్ పత్రికలో మండిపడ్డాడు. పాపం ఉప్పును చదరంగం బల్ల చేసేశారని ఆయన బాధ.

ఉప్పు ఫార్ములాలో ఒక్క అక్షరం మారలేదు. దాని అర్థం మారింది. నీటి దగ్గర హెచ్₂ఓ అంటే ‘ఒక అణువులో ఇన్ని’ అని. ఉప్పు దగ్గర ఎన్‌ఏ సీఎల్ అంటే ‘ఒకదానికి ఒకటి చొప్పున’ అని మాత్రమే. ఫార్ములా చదివేటప్పుడు ఇది ఎలాంటి సాక్ష్యమని అడగాలి. సంకేతాన్ని అలా అడిగే పని లేదు.

మళ్లీ 1860 సెప్టెంబర్‌కు వద్దాం. కార్ల్స్‌రూహె నుంచి ఇళ్లకు బయల్దేరినవాళ్ల సంచుల్లోని ఆ చిన్న ఇటాలియన్ పుస్తకంలో కొత్త మూలకం ఒక్కటీ లేదు. సీ, హెచ్, ఓ అన్న పాత అక్షరాలే. మారినవి పరమాణువుల బరువులు, వాటిని పట్టుకుని వచ్చిన చిన్న అంకెలు. ఆక్సిజన్ 8 కాదు, 16. కార్బన్ 6 కాదు, 12. బరువులు సరిగ్గా తెలిశాక, వాటిని చిన్నది ముందు పెద్దది తర్వాత అని వరుసలో పేర్చి చూద్దామన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. మేయర్‌కు వచ్చింది. సభకు వచ్చిన ఇరవై ఆరేళ్ల మెండలీవ్‌కూ వచ్చింది. 8, 6 అన్న తప్పు బరువులతో పేర్చి ఉంటే ఆ వరుసలో ఏ తీరూ కనిపించేది కాదు.

వచ్చే భాగంలో: 1869, సెయింట్ పీటర్స్‌బర్గ్. వరుసలో మూడు ఖాళీలు.